వెనక్కి తిరిగే సారె

హోల్మ్‌బీ,
14 అక్టోబరు 1973

త్యూరా అత్తకి,

నీ తుంటి ఎలా ఉందో అడగమన్నాడు నాన్న. నేనూ అడుగుతున్నాను. ఆ ఆర్హుస్ డాక్టర్లు నిన్ను ఎన్నాళ్ళు మంచానికి కట్టేసి ఉంచుతారో గట్టిగా నిలదీసి కనుక్కో. రోగికి జవాబు చెప్పడం తమ పరువుకి తక్కువ అనుకునే జాతి వాళ్ళది.

సాయంకాలపు బడిలో మట్టి క్లాసుకి నీ చోటు నాకిచ్చారు. చేర్పించింది నువ్వే గనక తిట్లు కూడా నువ్వే తినాలి. రోజంతా చేపల వేలంశాలలో పెట్టెలు మోసి, వేళ్ళు కొయ్యబారిపోయి అక్కడికి వెళ్తే, పదిమంది ఆడవాళ్ళూ ఇద్దరు ముసలాళ్ళూ చేరి ఏం చేస్తున్నారనుకున్నావు? సిగరెట్టు బూడిద రాల్చుకునే పళ్ళేలు! మనిషి తన చేత్తో చేసిన గిన్నెలో తన అన్నం తినే రోజు రావాలని నేను కరపత్రాల్లో చదువుతుంటే, వీళ్ళు బూడిదకి సింహాసనం కడుతున్నారు.

అన్నిటికీ మించి మీ ఇంగర్‌మేరీ టీచరమ్మ. మట్టి జర్మనీ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వస్తుందట. గిన్నెలకి వేసే గాజుపూత, ఆ గ్లేజు కూడా డబ్బాల్లో వస్తుందట. చర్చి కింద కొండచరియ నిండా మట్టి ఉంది కదండీ, మన కాళ్ళ కింది మట్టి, మన తాతలు ఇటుకలు కాల్చుకున్న మట్టి, అది వాడితే ఏమని అడిగాను.

"ఆ మట్టి ఈ బట్టీలోకి రాదు" అంది.

"ఎందుకు రాదు?"

"రాదన్నానుగా అబ్బాయ్. చేతులు కడుక్కుని కూచో."

ప్రభువులు ఎప్పుడూ ఇలాగే మాట్లాడారు అత్తా. మెడలో ఆ బట్టీ తాళంచెవి వేలాడేసుకుని తిరుగుతుంది, అదేదో మహారాణి పతకమైనట్టు. అచ్చమైన బూర్జువా.

నీ ఆరు గిన్నెలూ మొదటి కాలుపు అయ్యి అలమరలో ఉన్నాయి. ఏ గ్లేజు వెయ్యాలో రాయి. అవైనా గిన్నెల్లా ఉన్నాయి.

నీ మేనల్లుడు,
ఎస్కిల్


ఆర్హుస్,
22 అక్టోబరు

ఒరేయ్ ఎస్కిల్,

నీ ఉత్తరం మా వార్డంతటికీ చదివి వినిపించాను. పక్కమంచం ఆవిడ నవ్వీ నవ్వీ కుట్లు పట్టుకుంది. నువ్వు బూర్జువాలని ఏమీ చెయ్యకముందే ఒక రైతు పెళ్ళాన్ని చంపేసేలా ఉన్నావు.

డాక్టరు నిన్న తేల్చి చెప్పాడు. నడుస్తానట, కర్రతో. కాని కాలితో కుమ్మరి సారె తన్నడం ఇక కుదరదట. నేను ఏడవలేదు, నువ్వూ నాన్నకి చెప్పకు. ఊరికే, ఆ ఆరు గిన్నెలే చివరివని తెలిసింది, అంతే. టెలిఫోను ఎక్స్ఛేంజిలో మేం ఆరుగురం పక్కపక్కన కూచుని బతుకంతా ఊరి మాటలు కలిపాం. తలా ఒకటి అనుకుని చేశాను.

తెల్ల గ్లేజు వెయ్యి. బాగా కలిపి, గిన్నెని పట్టకారుతో ముంచి, మూడు అంకెలు లెక్కపెట్టి తీసెయ్. ఎక్కువసేపు ముంచితే గ్లేజు మందమై కారుతుంది. అడుగు అంచుని తడి స్పాంజితో శుభ్రంగా తుడువు, లేకపోతే గిన్నె బట్టీ పలకకి అతుక్కుపోతుంది.

ఇంగర్‌మేరీ సంగతి ఒకటి చెప్పనా? నాది ఎడమచేతి వాటం. మొదటిరోజు నా చేతిలో మట్టి ఎంతకీ నిలవక వంకర్లు పోతుంటే క్లాసంతా నవ్వారు. ఆమె వచ్చి, "త్యూరా, నువ్వు సారెని అటు తన్ను, వెనక్కి తిరగనీ" అంది. అందరి సారె ముందుకి, నాది వెనక్కి. అంతే, మట్టి నా మాట వింది. బూర్జువా అయితే అయ్యింది గాని, నాకోసం సారెని వెనక్కి తిప్పిన మనిషి ఆమె ఒక్కతే.

ఇక ఆ కొండచరియ మట్టి. అది ఇటుకల మట్టి రా. ఇటుక కాలే వేడికి ఆగుతుంది, గ్లేజు కరిగే రెండో కాలుపు వేడికి ఆగదని ఆమె నాకు చెప్పింది. నీకెందుకు చెప్పలేదంటావా? నువ్వు అడిగిన తీరు నాకు ఇక్కడికే వినిపించింది.

మొగుడు పోయాక ఆమెకి ఆ తాళంచెవే మిగిలింది. బట్టీ వెలిగించినప్పుడల్లా పక్కనే కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని, తలుపు కంతలోంచి లోపల వేడి కొలిచే మూడు మట్టి శంకుల్ని చూస్తూ కూచుంటుంది. వేడి సరిగ్గా అందితే మొదటి శంకు పడిపోవాలి, రెండోది వంగాలి, మూడోది నిలబడాలి. ఇంతకాలం ఆ మూడోదాన్ని ఒక్కసారీ పడనివ్వలేదు.

అల్లరి చెయ్యకు.

అత్త


హోల్మ్‌బీ,
18 నవంబరు

అత్తా,

నీ కాలి సంగతి చదివాను. సరే, దాన్ని గురించి రాయను, నీకు ఇష్టముండదు.

ఇక్కడ చమురు కరువు వచ్చిపడింది కదా. వచ్చే ఆదివారం నుంచి రోడ్ల మీద కార్లు ఉండవట. పిల్లలు నడిరోడ్డు మీద స్కేటింగు చేస్తామంటున్నారు. చమురు కంపెనీలకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని నేను సంబరపడుతుంటే, మన బడి కమిటీ కూడా పొదుపు మొదలెట్టింది. ఈ శీతాకాలానికి గ్లేజు కాలుపు ఒక్కటేనట. ఇనపసామాను కొట్టు ఆక్సెల్సెన్ గారు కమిటీ అధ్యక్షుడు గదా, కరెంటు బిల్లు ఊపుకుంటూ వచ్చి, "ఒక్కసారే, అందరివీ కలిపి" అని తీర్మానించాడు. అందుకని బట్టీ కిటకిటలాడుతోంది. ఒక్కొక్కరూ సంవత్సరం పని అందులో పెడుతున్నారు.

నీ గిన్నెలు ముంచాను. నువ్వు చెప్పినట్టే, అడుగు తుడిచి. ఆరూ ఆరబెట్టాను.

నీకొక్కదానికే ఒక రహస్యం. ఇటుకల మట్టి ఆగదన్నావు కదూ? కొండచరియ మట్టితో నాలుగు గిన్నెలు చేశాను. పెద్ద కూజాల కడుపుల్లో దాచి మొదటి కాలుపుకి పంపాను. ఏమైంది? ఏమీ కాలేదు! ఎర్రగా, తట్టితే గంటలా మోగుతూ బయటికొచ్చాయి. వందేళ్ళుగా ఈ ఊరి గోడలు నిలబెట్టిన మట్టి నా చేతిలో నిలబడదా? ఇప్పుడు ఎరుపు కనబడకుండా పూర్తిగా తెల్ల గ్లేజు వేశాను. బట్టీ సర్దేది నేనూ ఆమే కాబట్టి పై పలక మీద వెనకగా పెట్టేస్తాను. బట్టీ తెరిచిన రోజు అందరి ముందూ వాటిని బల్ల మీద పెట్టి, "ఇవి మన మట్టి" అంటాను. ఆమె మొహం చూడాలి అప్పుడు!

ఎస్కిల్


హోల్మ్‌బీ,
9 డిసెంబరు

అత్తకి,

కాలుపు సరిగా రాలేదు. వేడి ఎక్కువైందంటున్నారు. చాలామందివి పోయాయి. ఇంగర్‌మేరీ గారు కాస్సేపు కునుకు తీశారట. లేచి కంతలోంచి చూస్తే శంకులు కనబడలేదట, కరిగిపోయాయనుకుని వెంటనే కరెంటు ఆపేశారట. అందరితో తనే చెప్పుకున్నారు.

నీవి బాగానే ఉన్నాయి. నా మట్టి గిన్నెల్ని చివరి నిమిషంలో లోపల పెట్టలేదు. చోటు చాలలేదు.

ఫిబ్రవరిలో సర్వసభ్య సమావేశం. అప్పటిదాకా తాళంచెవి ఆక్సెల్సెన్ గారి దగ్గర ఉంటుంది. ఆ తరవాత బట్టీ బాధ్యత నన్ను తీసుకోమంటున్నారు. కుర్రవాణ్ణి, నిద్ర ఆపుకోగలనట.

ఇక్కడ మంచు పడుతోంది. ఆరోగ్యం జాగ్రత్త.

ఎస్కిల్


ఆర్హుస్,
16 డిసెంబరు

ఒరేయ్ ఎస్కిల్,

నీకు ఒంట్లో బాగుందా? ఈ ఉత్తరంలో బూర్జువా అన్న మాట ఒక్కసారీ లేదు. ఇంగర్‌మేరీ కాస్తా ఇంగర్‌మేరీ గారైంది. ఆక్సెల్సెన్‌ని ఒక్క తిట్టు తిట్టలేదు. ఇది నువ్వే రాశావా, లేక చర్చి గుమాస్తా చేత రాయించావా?

ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోను పెట్టుకుని కూచున్నన్నాళ్ళూ గొంతులు తప్ప మొహాలు చూడలేదు నేను. వానల గురించి మాట్లాడుతూనే అప్పు దాచేవాళ్ళు, ఆరోగ్యం అడుగుతూనే పోట్లాట దాచేవాళ్ళు. మనిషి హఠాత్తుగా మర్యాదస్తుడైతే వైరు పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయేది.

సరే. బట్టీ నీ చేతికొస్తోందంటే సంతోషమేగా, నీకు కావలసింది అదేగా. నా గిన్నెలు బాగున్నాయన్నావు. తెల్లదనం ఎలా వచ్చింది? పాలలాగానా, సుద్దలాగానా? ఒకటి పోస్టులో పంపు. క్రిస్మస్‌కి అందకపోయినా ఫరవాలేదు.

అత్త


హోల్మ్‌బీ,
13 జనవరి 1974

అత్తా,

గిన్నె పంపుతున్నాను. పాత పత్రికల్లో చుట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త. తెల్లదనం పాలలాగే వచ్చింది. అంచు దగ్గర గ్లేజు పల్చబడి కొంచెం గోధుమరంగు తేలింది, నీకది ఇష్టమని తెలుసు. నీ గిన్నెలకి ఎప్పుడూ ఒక పక్క కొద్దిగా వాలు ఉంటుంది కదా, అది కూడా ఉంది. అడుగున నీ గుర్తు ఉంది. మిగతావి నువ్వొచ్చాక ఇస్తాను.

ఆలస్యమైంది. క్షమించు. పనులు.

క్రిస్మస్ ముందురాత్రి పాలన్నంలో వేసే ఆ ఒక్క బాదంగింజ, బహుమతి తెచ్చే గింజ, ఈసారి నాకే వచ్చింది. అందరూ గిన్నెలు ఊడ్చేదాకా దవడలో దాచిపెట్టడం ఆచారమే కదా, దాచాను. నాన్న, "ఎవరిది రా, ఎవరికొచ్చింది, చూపించండి" అని అందరి నోళ్ళూ తెరిపించి చూస్తున్నాడు. నాకు నోరు తెరవబుద్ధి కాలేదు. మింగేశాను. బాదం వెయ్యడం మర్చిపోయావని వాళ్ళంతా అమ్మని ఆటపట్టించారు. అమ్మ కూడా నిజమే కాబోలు అనుకుంది.

మొన్న కోఆపరేటివ్ దుకాణంలో ఇంగర్‌మేరీ గారు కనబడ్డారు. నేను పక్క వరసలోకి తప్పుకుందామనుకున్నాను. ఆవిడే పిలిచారు. "క్లాసులో నువ్వన్నదే నిజమయ్యా ఎస్కిల్. పాతవాళ్ళు పక్కకి తప్పుకోవాలి. బట్టీని బాగా చూసుకో, తలుపు కింది మడతబందు బిగుసుకుపోతుంది, కొంచెం ఎత్తి తియ్యాలి" అన్నారు. నేను సరేనన్నాను. సరేనని ఎలా అన్నానో తెలియదు.

ఎస్కిల్


ఆర్హుస్,
20 జనవరి

ఎస్కిల్,

గిన్నె అందింది. చాలా మంచి గిన్నె. ఎవరిది?

గుర్తు నాదే. వాలు కూడా నాదే, కొంచెం ఎక్కువే నాది. కాని గిన్నె లోపల, వేలు పైకి లాగినప్పుడు పడే సుడి చూశావా? నా సారె వెనక్కి తిరుగుతుంది రా. నా గిన్నెల్లో సుడి ఎటు విప్పుకుంటుందో అటు ఆ క్లాసులో ఇంకెవరి గిన్నెలోనూ విప్పుకోదు. ఇందులో అది అందరిలాగే తిరిగింది. నా వంకరలన్నీ శ్రద్ధగా నేర్చుకున్నావు గాని, నేనెటు తన్నేదాన్నో మర్చిపోయావు.

ఇప్పుడు నేను దాచింది కూడా విను. డిసెంబరులో నీ ఉత్తరం కన్నా ముందే ఇంగర్‌మేరీ ఉత్తరం వచ్చింది. "త్యూరా, నీ చివరి గిన్నెలు ఆరూ నా నిద్రకి బలైపోయాయి, నీ మొహం ఎలా చూడను" అని రాసింది. అక్షరాలు గీతల మీద నిలవలేదు. అవి పోయాయని నాకు అప్పుడే తెలుసు. నువ్వు బాగున్నాయని రాస్తే, మంచాన పడ్డ అత్తని ఏడిపించలేక అబద్ధమాడాడు, పోనీలే పిచ్చి వెధవ అనుకున్నాను. నువ్వే చెప్తావని ఊరుకున్నాను.

కాని ఈ గిన్నె వచ్చింది. జాలితో మనిషి ఇంత కష్టపడడు రా. జాలికి ఒక్క అబద్ధం చాలు. ఇంత పనితనం భయానికే వస్తుంది.

నీ ఎర్రమట్టి గిన్నెలు ఏమయ్యాయి? చోటు చాలలేదని రాశావు. చోటు లేదంటే ఊరుకునేవాడివా నువ్వు?

త్యూరా


హోల్మ్‌బీ,
27 జనవరి

అత్తా,

లోపల పెట్టాను.

బట్టీ చల్లారిన రోజు ఆవిడ నన్ను పిలిచారు. "నువ్వే తెరువు బాబూ, నాకు చెయ్యి రావడం లేదు" అని తాళంచెవి నాకిచ్చి తను బయట గట్టు మీద కూచున్నారు. తలుపు తీశాను. పై పలక మీద నా గిన్నెలు లేవు. వాటి చోట గోధుమరంగు గాజు మడుగు ఉంది. నా మట్టి కరిగి, అంచు దాటి, పలక పలకకీ కారి, కింద ఉన్నవాటన్నిటి మీదా పడింది. రెండో పలక మీద నీవి. ఆరూ ఒకదానికొకటి అతుక్కుని ముద్దైపోయాయి. అది ఏమిటో నాకు చూడగానే తెలిసింది. మిగతావాళ్ళకి గ్లేజు కారినట్టే కనబడుతుందని కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

శంకులు కంతకి ఎదురుగా ఉన్నాయి. వాటి ముందు నుంచి ఆ గాజు తెరలా జారింది. అందుకే ఆవిడకి కనబడలేదు. తెరని ఉలితో కొట్టాను. లోపల మొదటి శంకు పడిపోయి ఉంది, రెండోది వంగి ఉంది, మూడోది నిటారుగా నిలబడి ఉంది. వేడి ఒక్క పిసరు ఎక్కువ కాలేదు అత్తా. ఆవిడ కునుకు తీస్తే తీశారు, దాని వల్ల ఏ హానీ జరగలేదు. ఆ కాలుపు వంక పెట్టడానికి లేనిది.

బయట ఆవిడ దగ్గు వినిపించింది. ఆ శంకుల్ని అవి గుచ్చిన చిన్న మట్టి పీటతో సహా కోటు జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానని అడగకు. ఆలోచించి చెయ్యలేదు. కాని మర్నాడు ఆలోచించాను, అయినా తియ్యలేదు. ఆ తరవాత రోజూ ఆలోచించాను. అవి ఇప్పటికీ ఆ జేబులోనే ఉన్నాయి. పెట్టెలు మోస్తుంటే పక్కటెముకకి గుచ్చుకుంటున్నాయి.

పక్కూరి కుమ్మరి ఒకడికి కట్టెలు కొట్టిపెట్టి, నీకు పంపిన గిన్నెని వాడి బట్టీలో కాల్పించుకున్నాను. నీ పాత గిన్నెని ఎదురుగా పెట్టుకుని నీ తప్పుల్ని ఒక్కొక్కటే నేర్చుకున్నాను. ఫ్యాక్టరీ నకళ్ళు చేస్తుందని తిట్టేవాణ్ణి నేనే కదూ?

రెండుసార్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్ళాను. లోపల దీపం ఉంది. వెనక్కొచ్చేశాను. వచ్చే శుక్రవారం సమావేశం. ఆ రోజు తాళంచెవిని నా పేరున ఓటుకి పెడతారు. నేనేం చెయ్యను?

ఎస్కిల్


ఆర్హుస్,
29 జనవరి

ఎస్కిల్,

నాకు చెప్పడం సులువు. నేను మంచం మీద ఉన్నాను, లేచి కొట్టలేను.

ఏం చెయ్యాలో నీకు తెలిసే నన్నడుగుతున్నావు. నేను చెప్పానని చేస్తే అది నా పని అవుతుంది. చెప్పను.

కాని ఒక్కటి. నా గిన్నెలకి ఏడవకు. గిన్నెలు పగలడానికే పుడతాయి. ఆ మనిషి తన కళ్ళని తను నమ్మడం మానేసింది. అది అతికేది కాదు.

త్యూరా


హోల్మ్‌బీ,
3 ఫిబ్రవరి

అత్తా,

బల్లల మీద కాఫీ, దాల్చినచెక్క రొట్టెలు. ఆక్సెల్సెన్ గారు జమాఖర్చులు చదివి, ఆఖరున తాళంచెవిని తన సాసరు పక్కన పెట్టి, "ఇక బట్టీ బాధ్యత మన ఎస్కిల్‌కి" అన్నారు. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. వెనక వరసలో ఇంగర్‌మేరీ గారు కూడా ఎత్తారు. ఆ చెయ్యి చూసి లేచాను.

ఉపన్యాసం తయారుచేసుకుని వెళ్ళాను. "సహచరులారా, మన సమష్టి జీవితంలో వ్యక్తి అహంకారం..." అని మొదలెట్టానో లేదో ఆవిడ వెనక నుంచి, "ఎస్కిల్, ఆ జేబులో చెయ్యి పెట్టుకుని ఏం నలుపుతున్నావు? తియ్యి బయటికి" అన్నారు.

తీసి కాఫీ కప్పుల మధ్య పెట్టాను. ఆ మడుగు నా మట్టిదని చెప్పాను. ఆవిడ వద్దన్నారనీ, నువ్వు కూడా చెప్పావనీ, అయినా పెట్టాననీ చెప్పాను. నా మాటలు నాకే చాలా చిన్నవిగా వినిపించాయి. ఒక్క కరపత్రం మాట కూడా సాయానికి రాలేదు.

ఆవిడ లేచి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. మూడో శంకుని కొనవేలితో కింది నుంచి పై దాకా తడిమారు.

"నిలబడే ఉంది" అన్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

ఆక్సెల్సెన్ గారు గొంతు సవరించుకుని ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. తరవాత నా వైపు తిరిగారు. "నేను డిసెంబరు నుంచీ కుర్చీలో కూచునే పడుకుంటున్నాను, తెలుసా నీకు? పొయ్యి మీద పాలు పెట్టాలన్నా భయం. కళ్ళు మూసుకుంటే ఇల్లు తగలబడుతుందేమోనని. అదంతా నీ జేబులో పెట్టుకుని తిరిగావా అబ్బాయ్?"

క్షమించమన్నాను.

"ఆ మాట ఇప్పుడు అనకు. నా కోటు ఇలా ఇయ్యి."

కోటు తెచ్చి తొడగడానికి పట్టుకుని నిలబడ్డాను. నా చేతుల్లోంచి తీసుకుని తనే తొడుక్కున్నారు. సాసరు పక్కనున్న తాళంచెవి తీసి మెడలో వేసుకుని, శంకుల్ని చేతిరుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు. రొట్టె ఎవరూ ముట్టలేదు. మడతబందు ఒక్కటే జ్ఞాపకం వచ్చింది నాకు, ఎత్తి తియ్యమన్నారు కదా, అది.

అత్తా, నేను సారెని వెనక్కి తన్నడం నేర్చుకుంటాను. నీ ఆరు గిన్నెలూ మళ్ళీ చేస్తాను, ఈసారి సుడితో సహా.

ఎస్కిల్


ఆర్హుస్,
10 ఫిబ్రవరి

ఒరేయ్ ఎస్కిల్,

వద్దు. నా ఆరు గిన్నెలు పోయాయి, పోయినట్టే ఉండనీ. ఎక్స్ఛేంజి వాళ్ళు ఐదుగురి చిరునామాలూ ఈ కాగితం వెనక రాశాను. గిన్నెలు ఎందుకు రావో వాళ్ళకి నువ్వే రాయి. వాళ్ళలో లిస్బెట్ కోపిష్టిది, తిడుతుంది. చదువుకో.

నువ్వు పంపిన గిన్నె అడుగున నా గుర్తు ఉంది కదా, దాన్ని నర్సు ఇచ్చిన గరుకురాయితో రుద్దిరుద్ది చెరిపేశాను. ఇప్పుడది ఎవరిదీ కాదు. పొద్దున అందులో గంజి తాగాను. కారలేదు.

ఇంగర్‌మేరీకి రాశాను. నాకు జవాబు రాలేదు. నిన్ను నమ్మి క్లాసులో నా చోటు ఇప్పించింది నేనేగా. నా మీదా కోపం ఉండొచ్చు, ఉండాలి కూడా.

అయినా మంగళవారం క్లాసుకి వెళ్ళు. ఆమె పొమ్మంటే బయట నిలబడు. మరుసటి మంగళవారం మళ్ళీ వెళ్ళు. తనంతట తను రమ్మనేదాకా ఆ సారె ముందు కూచోకు.

రమ్మన్న రోజున మాత్రం నీ సారెని ముందుకే తన్ను.

అత్త